పక్కనున్న మంచిది

"చేతులు కడుక్కున్నావా?"

గుమ్మంలో చెప్పులు విప్పీ విప్పకముందే అత్తగారు అడిగే మొదటి మాట అది. తిన్నావా, అలసిపోయావా లాంటి మాటలు ఆ తర్వాత కూడా రావు. కోడలు ఆసుపత్రి ల్యాబ్‌లో పనిచేస్తుంది. రోగుల గొంతుల్లోంచి, పుళ్ళలోంచి తీసిన క్రిములను ప్లేట్ల మీద పెంచి, ఏది ఏ మందుకి చస్తుందో చూసి చెప్పడం ఆమె ఉద్యోగం. అత్తగారి లెక్కలో మాత్రం కోడలు పొద్దస్తమానం మురికిలో చేతులు పెట్టుకుని కూర్చుని, అవే చేతులతో ఇంటికి వచ్చే మనిషి. భర్త తన స్నేహితుల దగ్గర "మా ఆవిడ పురుగులు పెంచుతుందిరా" అని నవ్విస్తూ ఉంటాడు. వాళ్ళలో ఒకడు పురుగులమ్మ అని పేరు పెట్టాడు. పేరు అతుక్కుపోయింది. మొదట్లో ఆ పేరు వింటే ఆమెకి ఒళ్ళు మండేది. తర్వాత తనూ కలిసి నవ్వేది. ఇప్పుడు మంటా లేదు, నవ్వూ లేదు. ఎవరో ఎవరినో పిలుస్తున్నట్టు ఉంటుంది.

ల్యాబ్‌లో ఒకసారి కడుక్కునే వచ్చిన చేతులు ఇంట్లో మళ్ళీ మోచేతుల దాకా కడుక్కుంది. సబ్బుకి వేళ్ళ సందులు పగిలి ఉన్నాయి. మంట పుట్టాలి నిజానికి. పుట్టిందో లేదో ఆమె పట్టించుకోలేదు. సింకులో పొద్దుటి గిన్నెలు అలాగే ఉన్నాయి, కడుక్కున్న చేతులు ఎలాగూ తడిగానే ఉన్నాయి కదా అని వాటినీ తోమేసింది. తోముతుండగా హాల్లోంచి దగ్గు వినిపించింది.

కూతురు సోఫాలో ముడుచుకుని పడుకుని ఉంది. ఇంట్లో అందరూ దాన్ని గువ్వ అంటారు. తొమ్మిదేళ్ళ పిల్ల, నుదురు కాలిపోతోంది. గుటక వేసినప్పుడల్లా మొహం చిట్లించుకుంటోంది. ఈ గొంతు జ్వరం రావడం ఇది నాలుగోసారి. వచ్చిన ప్రతిసారీ పెన్సిలిన్ వాడారు, తగ్గింది, మందు ఆపిన కొన్నాళ్ళకే మళ్ళీ మొదటికి వచ్చింది. క్రితంసారి పిల్లల డాక్టరమ్మ నవ్వకుండా చెప్పింది. "దీన్ని ఇలా నాననివ్వకూడదండీ. మాటిమాటికీ వస్తుంటే ఒక్కోసారి గుండె మీదకి పోతుంది. మీకు తెలియంది కాదు." తెలుసు. తెలిసినందుకే ఆ మాట ఆమె ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. చెబితే తిరిగి ఏ మాట వస్తుందో అది కూడా తెలుసు.

చెప్పకపోయినా వచ్చింది. "మేం నలుగురు పిల్లల్ని పెంచాం, ఒక్కడికీ ఇన్నిసార్లు గొంతు పట్టలేదు. ఆ పురుగులన్నీ ఎక్కణ్ణించి వస్తాయమ్మాయ్? గాల్లోంచి ఊడిపడవు కదా" అంది అత్తగారు, టీవీ మీంచి చూపు తిప్పకుండా. భర్త లాప్‌టాప్ వెనక నుంచి ఇంకో మాట కలిపాడు. "పైగా ఏ మందు పనిచేస్తుందో చెప్పేది వీళ్ళే. వీళ్ళు చెప్పిన మందే పనిచెయ్యట్లేదు. ఇదేం ల్యాబో." ఆ రెండు మాటలూ ఆమెలోకి వెళ్ళి ఎక్కడో అడుగున కూర్చున్నాయి. చప్పుడు కాలేదు. గువ్వ నాలుక కింద థర్మామీటర్ పెట్టి, కుక్కర్ ఎన్ని కూతలు వేసిందో మర్చిపోయానని వంటింట్లోకి వెళ్ళింది.

ఇంటి ఫోను మోగింది.

ఆ ఫోను సంగతి చెప్పాలి. ఆమె భర్త ఇళ్ళకి వంటగదులు, అలమరలు డిజైన్ చేసి, వడ్రంగుల్ని పెట్టి బిగింపిస్తాడు. పనితనం ఉన్న మనిషే, అబద్ధం ఎందుకు. కాకపోతే ఒక ఇల్లు సగంలో ఉండగానే ఇంకో ఇల్లు ఒప్పుకుంటాడు, పాతవాళ్ళు నిలదీయడం మొదలుపెట్టగానే తన ఫోన్ నోరు నొక్కేసి కూర్చుంటాడు. విజిటింగ్ కార్డు మీద రెండో నంబరు ఇంటి ఫోన్‌ది. దాన్ని ఎత్తాల్సింది ఆమె.

"అయ్యో, టీచరమ్మగారూ, మీరా" అంది ఆమె. ఆ 'అయ్యో' తర్వాత కొంచెం ఆగాలి. గొంతు తగ్గించాలి. ఎవరూ నేర్పలేదు, చేస్తూ చేస్తూ వచ్చింది. "ఆయనకి రెండు రోజులుగా ఒంట్లో బాలేదండీ. లేవలేకపోతున్నారు. మీ పనే అనుకుంటున్నారు పాపం, లేవగానే తప్పకుండా వస్తారు."

అవతల ఉన్నది రిటైరైన లెక్కల టీచరు. ఒంటరి మనిషి. ఆవిడ వంటగది పీకేసి ఎండలు ముదరకముందు వెళ్ళిన వడ్రంగులు వానలు పడుతున్నా తిరిగి రాలేదు. "ఏం చెప్పనమ్మా, పడగ్గదిలో స్టవ్ పెట్టుకున్నాను. గిన్నెలు బాత్రూములో తోముకుంటున్నాను. దుప్పట్లన్నీ ఉల్లిపాయ వాసన. మొన్న తడి మీద కాలు జారింది, గోడ పట్టుకున్నాను కాబట్టి సరిపోయింది. ఇవాళ గట్టిగా నాలుగు కడిగేద్దామనే చేశాను. సర్లే, ఒంట్లో బాలేని మనిషిని ఏమంటాం" అంది. ఫోను పెట్టబోతూ, "నీకెలా ఉంది అమ్మాయీ? నువ్వు బానే ఉన్నావా?" అని అడిగింది. ఆవిడ ప్రతిసారీ అది అడుగుతుంది. బానే ఉన్నానండీ అని ఆమె ప్రతిసారీ చెబుతుంది.

ఒంట్లో బాలేని మనిషి లాప్‌టాప్ మూసి ఒళ్ళు విరుచుకున్నాడు. "ఏం చెప్పినా నీ గొంతులో ఏదో ఉందే. ఎంత మండిపడుతున్నవాళ్ళైనా ఇట్టే చల్లబడిపోతారు" అన్నాడు మెచ్చుకోలుగా. అత్తగారు కూడా తలాడించింది. ఆ ఇంట్లో ఆమెకి దొరికే మెచ్చుకోలు అదొక్కటే. సోఫాలోంచి గువ్వ కళ్ళు తెరిచి తల్లినే చూస్తోంది.

ఫోన్లు ఒక్కటే అయితే సరే. ఆయన కోపంలో విసిరిన స్కేలు తగిలి అద్దాల తలుపు పగిలితే, కింద ఫ్లాటు వాళ్ళకి "గాలికి కొట్టుకుందండీ" అని చెప్పింది ఆమె. తమ్ముడి పెళ్ళిలో భోజనాల దగ్గర ఆయన నోరు జారితే, పుట్టింటివాళ్ళ ముందు "ఆయనకి నిద్రలేదు" అని సర్దింది. స్కూల్లో గువ్వ నాట్యానికి వస్తానని రాకపోతే, "నాన్నకి చాలా పనమ్మా, నీ ఫొటో చూసి ఎంత సంతోషపడ్డారో" అంది. ఆయన ఆ ఫొటో చూడనే లేదు. ఎవరి కోపమైనా, ఎవరి ఏడుపైనా ఆయన దాకా వచ్చేలోపు ఆమె దగ్గర ఆగిపోయి, కరిగిపోయి, నీళ్ళలా మారి ఆయన్ని చేరేది. పెళ్ళైన కొత్తలో ఎవరో బలవంతం చేసి చేయించారని కాదు. ఆయన మీద పడ్డ ప్రతి మాటా ఆయన తిప్పి ఆమె మీదే వేసేవాడు. "నీ వల్లే", "నువ్వు చూసుకోవద్దా", "నిన్ను కట్టుకున్నప్పటి నుంచీ ఇంతే". కాబట్టి మాట గుమ్మం దాటి లోపలికి రాకుండా చూసుకోవడం నేర్చుకుంది. అలా చేస్తే ఆ రాత్రి గిన్నెలు గిన్నెల్లా ఉండేవి, పిల్ల నిద్రపోయేది.

మర్నాడు గువ్వ గొంతులో దూదిపుల్ల తిప్పి తీసిన నమూనాను ల్యాబ్‌కి తనే తీసుకెళ్ళింది.

ఆ పనికి ఒక వరస ఉంది. గొంతులో క్రిములు బోలెడు ఉంటాయి, వాటిలో ఎక్కువ భాగం ఎవరికీ హాని చెయ్యనివి, అక్కడే కాపురం ఉండేవి. నమూనాను మొదటి ప్లేటు మీద రాస్తే అన్నీ కలిసి పెరుగుతాయి. అందులోంచి జబ్బు తెచ్చేదాన్ని ఒక్కదాన్నే ఏరి, రెండో ప్లేటు మీద ఒంటరిగా పెంచి, అప్పుడు దాని మీద మందు డిస్కులు పెట్టాలి. డిస్కు అంటే మందులో నానబెట్టిన చిన్న కాగితం బిళ్ళ. మందు పనిచేస్తే బిళ్ళ చుట్టూ గుండ్రంగా ఖాళీ ఏర్పడుతుంది. మిగిలిన మంచి క్రిముల్ని 'నార్మల్' అని రాసి పారేస్తారు. వాటి మొహం ఎవరూ చూడరు. అన్నీ కలిసి ఉన్న మొదటి ప్లేటు మీదే డిస్కు పెట్టేయడం కొత్తగా చేరినవాళ్ళు చేసే పొరపాటు. అలా చేసినవాళ్ళని ఆమె ఎన్నిసార్లు కసిరిందో.

ఆ రోజు ఆ పొరపాటు ఆమే చేసింది. చేతిలో పట్టకారు, పట్టకారు కొసన ఇంకో రోగి ప్లేటు మీద పెట్టాల్సిన పెన్సిలిన్ డిస్కు ఉండగా, ల్యాబ్ ఇన్‌ఛార్జి తలుపులోంచి తల పెట్టి, "మేడమ్, మధ్యాహ్నం మీటింగుకి టీ, బిస్కెట్లు మీరు చూసుకుంటారుగా? మీరైతే నీట్‌గా చేస్తారు" అన్నాడు. ఆయన కింద మగవాళ్ళు ముగ్గురున్నారు, వాళ్ళు ఏదీ నీట్‌గా చెయ్యరు కాబోలు. ఆమె అలాగే సార్ అంది. అంటూ డిస్కుని చేతికి దగ్గరగా ఉన్న గువ్వ మొదటి ప్లేటు మీద వదిలేసింది. మూత పెట్టి, క్రిములు పెరిగే వెచ్చటి పెట్టెలో పెట్టేసి, కప్పులు లెక్కపెట్టడానికి వెళ్ళిపోయింది.

మర్నాడు పొద్దున్న తీసి చూస్తే తప్పు తెలిసింది. చెత్తబుట్ట దాకా తీసుకెళ్ళింది కూడా. అప్పుడు ప్లేటు మీద ఏదో తేడాగా కనిపించి దీపం కిందకి తెచ్చింది.

డిస్కుకి ఒక వైపు అంతా ఖాళీ. జబ్బు తెచ్చే క్రిమి అక్కడ మందుకి తట్టుకోలేక చచ్చిపోయింది, రిపోర్టుల్లో ప్రతిసారీ వచ్చినట్టే. రెండో వైపు తెల్లగా, బొద్దుగా నాలుగైదు చుక్కలు ఉన్నాయి. అవి మంచివి, నార్మల్ అని పారేసేవి. ఆ తెల్లచుక్కల పక్కన చేరిన జబ్బు క్రిములు మాత్రం చావలేదు. డిస్కుని రాసుకుంటూ హాయిగా పెరిగాయి. అదే మందు, అదే క్రిమి. ఒంటరిగా ఉన్నచోట చస్తోంది, తెల్లవాటి పక్కన బతుకుతోంది.

ఆమె ఒక తెల్లచుక్కని పుల్లతో తీసి, పరీక్ష కాగితం మీద రాసింది. పసుపుపచ్చగా ఉన్న కాగితం చూస్తుండగానే ఎర్రబడింది, పసుపు మరకకి సబ్బు తగిలినట్టు. అంటే ఆ తెల్లది ఒక ఎంజైమ్ తయారుచేసి బయటకి వదులుతోంది. ఆ ఎంజైమ్ పెన్సిలిన్‌ని విరగ్గొట్టేస్తుంది. మూడుసార్లు గువ్వకి మింగించిన మందు గొంతు దాకా వెళ్ళి, అక్కడ ఈ తెల్లవాటి చేతుల్లో విరిగిపోయి, అసలు దాన్ని తాకకుండానే అయిపోయింది. మూడుసార్లూ తను తెల్లవాటిని చెత్తబుట్టలో వేసింది. అసలు దాన్ని ఒంటరిగా నిలబెట్టి, మందు పనిచేస్తుందని సంతకం పెట్టింది. రిపోర్టు తప్పు కాదు. పిల్ల గొంతులో అది ఒంటరిగా లేదు, అంతే.

సాయంత్రం గువ్వని తీసుకుని పిల్లల డాక్టరమ్మ దగ్గరకి వెళ్ళి చెప్పింది. ఆవిడ నుదురు కొట్టుకుంది. "అదా సంగతి! ఉంటుందండీ అలా, చదువుకున్నదే. రెండోసారికే నాకు తట్టాల్సింది" అని మందు మార్చి రాస్తూ, గువ్వకి అర్థమయ్యేలా చెప్పసాగింది. "చూడు కన్నా, నీ గొంతులో ఉన్న చెడ్డ క్రిమి ఉత్త పిరికిది. ఒక్క మందుబిళ్ళకే చచ్చేంత పిరికిది. కానీ దాని పక్కన ఒక మంచిది ఉంది. నిన్నేమీ చెయ్యదు. వచ్చిన మందునల్లా అది ముందే విరగ్గొట్టేస్తోంది. ఇంక ఆ పిరికిదానికి ఏం భయం? మనం ఎన్నిసార్లు కొట్టినా దానికి దెబ్బే తెలియదు. అందుకని ఈ కొత్త బిళ్ళలో ఇంకోటి కలుపుతారు. అది దేన్నీ చంపదు. ఆ మంచిదాని చేతులు పట్టుకుని ఆపుతుంది, అంతే."

"మరి ఆ మంచిది దాన్నెందుకు కాపాడుతోంది? దాని ఫ్రెండా?" అంది గువ్వ బొంగురు గొంతుతో.

డాక్టరమ్మ నవ్వింది. "కాపాడాలని కాదు నాన్నా. మందు తనని కూడా చంపుతుంది కదా. తన ప్రాణం కోసం విరగ్గొట్టుకుంటుంది. పక్కనున్నది ఊరికే బతికిపోతుంది."

బస్సులో గువ్వ తల్లి ఒళ్ళో తల పెట్టుకుని నిద్రపోయింది. ఆమె కిటికీలోంచి చూస్తూ కూర్చుంది. దుకాణాలు పోతున్నాయి, గొడుగులు పోతున్నాయి. పక్క సీటావిడ ఏదో అడిగితే జవాబు చెప్పింది, ఏం అడిగిందో గుర్తులేదు. డాక్టరమ్మ మాట ఒక్కటే చెవిలో జోరీగలా తిరుగుతోంది. ఆయన చెడ్డవాడని ఆమె ఎన్నడూ అనుకోలేదు. మొండివాడు, కోపిష్ఠి, ఎవరు చెప్పినా మారని మనిషి అనుకుంది. ఎవరు చెప్పారు ఆయనకి? టీచరమ్మ కోపం ఆయన చెవిన పడిందా? తమ్ముడి బాధ? గువ్వ ఆ రోజు స్టేజి మీంచి కుర్చీలన్నీ వెతుక్కున్న సంగతి? ఆయన దాకా ఏదీ రాలేదు. ఇన్నేళ్ళలో ఆయనకి ఒక్క దెబ్బ కూడా తగలలేదు. అందరూ మంచిదానివి అంటే, కాబోలు అనుకుంది. తన బతుకు కోసం చేసుకున్న పని అది, అందులో సిగ్గుపడాల్సిందేమీ లేదు. కానీ దాని వల్ల ఒక ముసలావిడ బాత్రూములో గిన్నెలు తోముకుంటోంది. ఇదంతా తట్టినప్పుడు ఏడుపు రావాలి. కళ్ళు తడుముకుని చూసుకుంది. పొడిగానే ఉన్నాయి.

ఇంటికి చేరగానే, "చేతులు కడుక్కున్నావా?" అంది అత్తగారు. కడుక్కుంది.

కొత్త మందు పనిచేసింది. వారం తిరగకుండా గువ్వ లేచి ఇల్లంతా తిరగడం మొదలుపెట్టింది, అన్నం మీద పేచీలు మొదలుపెట్టింది. "చూశావా, నేను ఉప్పునీళ్ళు పుక్కిలించమన్నాను కాబట్టి తగ్గింది" అంది అత్తగారు. "డాక్టర్లకి ఇదంతా ముందే తెలిసుంటుంది, ఫీజుల కోసం సాగదీస్తారు" అన్నాడు భర్త. ఆమె కంచాలు తీసింది. బస్సులో అనుకున్నదంతా మళ్ళీ గిన్నెల కింద, బట్టల కింద ఎక్కడికో పోయింది. మధ్యలో రెండుసార్లు ఫోను మోగింది. రెండుసార్లూ చెయ్యి దానంతటది వెళ్ళింది, 'అయ్యో' దానంతటది వచ్చింది.

ఆదివారం పొద్దున్న ఆమె బాల్కనీలో బట్టలు ఆరేస్తోంది. ఫోను మోగింది. చేతిలో తడి దుప్పటి ఉండి వెంటనే కదల్లేదు. మోగడం ఆగింది, ఎవరో ఎత్తారు.

"అయ్యో, టీచరమ్మగారూ, మీరా."

ఆమె దుప్పటి పట్టుకుని అలాగే నిలబడిపోయింది. ఆ గొంతు తనది. 'అయ్యో' తర్వాత ఆగవలసినంత ఆగింది, ఎక్కడ తగ్గాలో అక్కడ తగ్గింది. "అమ్మ పనిలో ఉందండీ. నాన్నకి ఒంట్లో బాలేదు. లేవలేకపోతున్నారు పాపం. మీ పనే అనుకుంటున్నారు..."

బాల్కనీ తలుపులోంచి హాలు కనిపిస్తోంది. గువ్వ రెండు చేతులతో రిసీవరు పట్టుకుని, తల కొంచెం వంచి మాట్లాడుతోంది. ఇంకా పూర్తిగా బాగుపడని గొంతు, అందుకే అబద్ధం మరింత నమ్మేలా ఉంది. సోఫాలో కాళ్ళు చాపుకుని ఉన్న తండ్రి కూతురి వైపు చూసి నవ్వుతూ బొటనవేలు పైకెత్తాడు. "అచ్చం తల్లే. గడుసుదే" అంది నానమ్మ ముచ్చటగా. గువ్వ మొహం వెలిగిపోయింది.

ఇన్నాళ్ళూ రానిది అప్పుడు వచ్చింది. ఏడుపు కాదు. పగిలిన వేళ్ళ సందుల్లో సబ్బునీళ్ళ మంట. ఒక్కసారిగా భగ్గుమని మండాయి వేళ్ళు. దుప్పటి బకెట్లో వదిలేసి లోపలికి వచ్చింది. చేతులు తుడుచుకోలేదు, కడుక్కోలేదు. తడి చేత్తోనే కూతురి చేతిలోంచి రిసీవరు తీసుకుంది.

"టీచరమ్మగారూ, నేనండీ. ఆయనకేం కాలేదు. బానే ఉన్నారు, ఇక్కడే కూర్చున్నారు. ఇస్తున్నాను, మీరు చెప్పాలనుకున్నది ఆయనతోనే చెప్పండి."

అవతల టీచరమ్మ మెల్లగా, "ఇవ్వమ్మా" అంది.

ఫోను తీగ సోఫా దాకా వస్తుంది. ఆమె రిసీవరు ఆయన ముందు పట్టుకుని నిలబడింది. ఆయన కళ్ళతో వద్దన్నాడు, చేతులు ఊపాడు, పళ్ళు బిగించి "ఏంటే ఇది" అని పెదాలు కదిపాడు. ఆమె చెయ్యి వెనక్కి తీసుకోలేదు. రిసీవర్లోంచి "హలో, హలో" అని ముసలి గొంతు ఆయన మొహం మీదే వినిపిస్తోంది. చివరికి తీసుకున్నాడు.

"అదేంటమ్మాయ్, ఏదో ఒకటి చెప్పేస్తే పోయేదిగా! ఇప్పుడు వాడి బుర్ర వేడెక్కుతుంది, రోజంతా ఇల్లు ఇల్లులా ఉండదు" అంది అత్తగారు.

"ఉండదత్తయ్యా" అంది ఆమె.

గువ్వ గోడకి ఆనుకుని నిలబడి ఉంది. మొహంలో వెలుగంతా పోయింది. తల్లి దగ్గరకి రాగానే, "నేను తప్పు చెప్పానా అమ్మా?" అని గుసగుసగా అడిగింది.

"నేను చెప్పేదే చెప్పావు నాన్నా" అంది ఆమె. "ఇక నేను చెప్పను."

సోఫాలో ఆయన "అదీ... టీచరమ్మగారూ... అంటే..." అంటున్నాడు. మాట కోసం వెతుక్కుంటున్నాడు. అలవాటు లేని మనిషి. మాట అందించమని రెండుసార్లు ఆమె వైపు చూశాడు. ఆమె కూతురి పక్కన నేల మీద కూర్చుని, మండుతున్న చేతుల్ని ఒళ్ళో పెట్టుకుంది.